కొండ దిగేటప్పుడు అర్థమైన స్పోర్ట్ మోడ్

కారు తాళాలు చేతికిచ్చిన రోజున షోరూములో ఒక యువకుడు డ్రైవ్ మోడ్ బటన్‌ను చూపించి, "దీన్ని స్పోర్ట్‌లో పెడితే మలుపుల్లో బండి రోడ్డుకు అతుక్కుని పోతుంది సార్" అని చెప్పాడు. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ తరువాత ఏడాదిన్నరలో కారు 27 వేల కిలోమీటర్లు తిరిగింది. నా ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో; వారానికి రెండు రోజులు ఆ రోడ్డు మీద రాకపోకలు తప్పవు. నెలకొకసారైనా తిరుమల కొండ ఎక్కి దిగుతాను. మదనపల్లెలో మా అక్క ఇంటికి వెళ్ళాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి, బెంగళూరు పని పడితే మొగిలి ఘాట్ ఎక్కాలి. ఇన్ని రకాల దారుల్లో నార్మల్, స్పోర్ట్ మోడ్‌లను మార్చి మార్చి నడిపిన మీదట, షోరూములో విన్న ఆ మాట సరైనది కాదని నిర్ధారణగా చెప్పగలను. అయితే ఆ బటన్ పనికిరానిదని మాత్రం చెప్పను. దాని అసలు ప్రయోజనం వాళ్ళు చెప్పిన చోట కాకుండా మరొక చోట ఉంది. అది నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది కనుకనే ఈ సమీక్ష రాస్తున్నాను.

కారు కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయేది ఆ ఒక్క కారుకే పరిమితమైన విషయం కాదు. ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఉన్న కార్లు మన మార్కెట్లో అరడజనుకు పైగా ఉన్నాయి, వాటి తీరు దాదాపు ఇదే. హ్యుండాయ్, కియా కార్లలో ఎకో, నార్మల్, స్పోర్ట్ అని విడిగా డ్రైవ్ మోడ్‌లు ఉంటాయి. వోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా వంటి వాటిలో గేరు మీటనే వెనక్కి లాగి 'ఎస్'లో పెట్టుకోవాలి; అక్కడ ప్రధానంగా మారేది గేరుబాక్సు స్వభావమే. ఈ ఇంజిన్లన్నిటి బలం 150 నుంచి 160 హార్స్‌పవర్ మధ్య ఉంటుంది, ఇంజిన్ నిమిషానికి 1,500 లేదా 1,600 చుట్లు తిరిగేసరికే పూర్తి టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, అందుతుంది. సంఖ్యలు గుర్తుపెట్టుకోనక్కరలేదు గాని, ఆ 1,500 అన్నది మాత్రం ముందుముందు అవసరపడుతుంది.

ముందుగా స్పోర్ట్ మోడ్ నిజంగా ఏమి చేస్తుందో చెప్పాలి. నేటి కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య తీగ ఏమీ ఉండదు. మనం పెడల్‌ను ఎంత నొక్కామో ఒక సెన్సర్ కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది, గాలి ద్వారాన్ని ఎంత తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నార్మల్‌లో పెడల్‌ను కొద్దిగా నొక్కితే కొద్దిగానే తెరిచే ఆ కంప్యూటర్, స్పోర్ట్‌లో అదే నొక్కుడుకు ఎక్కువ తెరుస్తుంది. పెడల్‌ను నేలకు ఆనేదాకా తొక్కితే మాత్రం రెండు మోడ్‌లలోనూ వచ్చే బలం ఒకటే. రెండవది గేరుబాక్సు: స్పోర్ట్‌లో పై గేరుకు ఆలస్యంగా మారుతుంది, కింది గేరుకు తొందరగా దిగుతుంది. మూడవది స్టీరింగు: చక్రాన్ని తిప్పడంలో మనకు సాయపడే ఎలక్ట్రిక్ మోటారు తన సాయాన్ని కొంత తగ్గించుకుంటుంది కనుక స్టీరింగు బరువెక్కుతుంది. మన కార్లలో జరిగేది ఇంతే. స్ప్రింగులు మారవు, షాక్ అబ్సార్బర్లు మారవు, టైర్లు మారవు, కారు ఎత్తు మారదు. చాలా ఖరీదైన కార్లలో కంప్యూటర్ ఆజ్ఞతో గట్టిపడే షాక్ అబ్సార్బర్లు ఉంటాయి, వాటిలో స్పోర్ట్ మోడ్ నిజంగానే కారు కూర్చునే తీరును మారుస్తుంది. కాని ఆ ధర పెట్టగలిగినవారు తక్కువ, నేను వారిలో లేను.

టైర్లూ సస్పెన్షనూ మారకుండా మలుపులో పట్టు పెరగడం ఎలా సాధ్యం? కారును రోడ్డుకు పట్టి ఉంచేది నాలుగు టైర్ల కింద ఒక్కొక్కటీ అరచేయంత ఉండే రబ్బరు భాగమే. బటన్ నొక్కినంత మాత్రాన ఆ రబ్బరుకు కొత్త గుణం రాదు. ఈ మాట నేను పుస్తకజ్ఞానంతో చెబుతున్నానని ఎవరూ అనుకోకుండా, చేసిన చిన్న పరీక్షను కూడా చెబుతాను.

ఒక ఆదివారం తెల్లవారుజామున మా తమ్ముడూ నేనూ భాకరాపేట ఘాట్‌కు వెళ్ళాము. మూతపెట్టిన ఒక లీటరు నీళ్ళ సీసాను సగం వరకు నింపి, అటూ ఇటూ కదలకుండా గుడ్డ చుట్టి మధ్యనున్న కప్పు హోల్డర్‌లో బిగించాము. సీసా మీద నీటి మట్టానికి ఒక గీత, దానికి పైన వేలెడు వేలెడు దూరంలో మరికొన్ని గీతలు మార్కర్‌తో గీశాము. వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుని ఒకే మలుపును, ఒకే దిక్కు నుంచి, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో మూడుసార్లు నార్మల్‌లో, మూడుసార్లు స్పోర్ట్‌లో తిప్పాను. తమ్ముడు పక్క సీట్లో కూర్చుని ఆ గీతలనే చూస్తున్నాడు. మలుపులో నీళ్ళు పక్కకు ఒరిగి ఎక్కిన గీత ఆరుసార్లూ ఒక్కటే. కారు పక్కకు వాలడంలో స్పోర్ట్ మోడ్ ఏ మార్పూ తేలేదు. అయితే మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో, స్పోర్ట్‌లో ఉన్నప్పుడు నీళ్ళు వెనక్కి విసురుగా ఎగసి సీసా గోడకు కొట్టుకున్నాయి. కాలు తీసినప్పుడు అంతే విసురుగా ముందుకు వచ్చాయి. నార్మల్‌లో అవే నీళ్ళు మెల్లగా ఊగి సర్దుకున్నాయి.

ఈ కారులో స్పోర్ట్ మోడ్ అంటే ఏమిటో ఆ సీసాలోని నీళ్ళు నాకు చూపించాయి. పక్కలకు సంబంధించినది ఏదీ మారదు, ముందువెనకలకు సంబంధించినది మాత్రమే మారుతుంది. ఆ మార్పు మలుపులో మేలూ చేయగలదు, కీడూ చేయగలదు. నేను చెబుతున్నవన్నీ ముందు చక్రాలతో లాగే కార్లు. యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి జరుగుతుంది, ముందు టైర్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. అదే సమయంలో ఆ ముందు టైర్లే కారును లాగాలి, మలుపు తిప్పాలి కూడా. స్పోర్ట్‌లో పెడల్ సున్నితంగా మారుతుంది కనుక, మలుపు మధ్యలో కాలు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ పడినా ముందు చక్రాలు తమ దారి వదిలి బయటి వైపుకు జారడం మొదలుపెడతాయి. కాలు స్థిరంగా ఉండి, మలుపు దాటిన తరువాతే తొక్కే అలవాటున్నవారికి ఆ చురుకుదనం హాయినిస్తుంది. అలవాటు లేనివారికి నార్మల్ మోడే ఎక్కువ క్షేమం. పట్టు పెరిగిందన్న భ్రమతో వేగం పెంచడం మాత్రం అందరికీ ప్రమాదమే. భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్నవారి బస్సు లోయలో పడిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఆ దారిలో పరీక్షలు చేసేటప్పుడు మేము 40 కిలోమీటర్లు దాటకపోవడానికి కారణం అదే.

స్టీరింగు విషయం రెండు మాటల్లో చెప్పవచ్చు. బరువెక్కడం వేరు, రోడ్డు సంగతి చేతికి తెలియడం వేరు. చిత్తూరు హైవే మీద నూరు కిలోమీటర్ల వేగంలో ఆ బరువు స్థిరంగా, నమ్మకంగా అనిపిస్తుంది. చక్రాన్ని ఊరికే సవరించుకునే అవసరం తగ్గుతుంది. రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపుల వరుసలో మాత్రం అదే బరువు భుజాలకు శ్రమ. ముందు టైరు పట్టు కోల్పోబోతున్నదన్న కబురు రెండు మోడ్‌లలోనూ చేతికి అంతంతమాత్రంగానే అందుతుంది. స్టీరింగును నార్మల్‌లో ఉంచి, ఇంజిన్‌నూ గేరుబాక్సునూ మాత్రమే స్పోర్ట్‌లో పెట్టుకునే వీలు ఇచ్చివుంటే ఎంతో బాగుండేది. కొన్ని కార్లలో ఆ వీలు ఉంది. కొత్తగా కొనేవారు దీన్ని తప్పక అడిగి తెలుసుకోవాలి.

ఇక తిరుమల ఘాట్ విషయానికి వస్తాను. ఈ సమీక్షకు మూలం ఆ రోడ్డే.

తెలియనివారి కోసం చెబుతున్నాను: తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. సుమారు 19 కిలోమీటర్ల ఆ దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. 1974లో వచ్చిన రెండవ ఘాట్ రోడ్డు ఎక్కడానికి. అది వెడల్పుగా, చాలా దూరం సాఫీగా సాగి, కొండపైకి చేరబోయే ముందు కళ్ళకు కనపడని మలుపులతో బిగుసుకుంటుంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని దేవస్థానం నియమం పెట్టింది, అంతకంటే ముందే చేరితే జరిమానా కట్టాలి. 19 కిలోమీటర్లకు 40 నిమిషాలంటే సగటు వేగం గంటకు 28 కిలోమీటర్ల చిల్లర. స్పోర్ట్ మోడ్ అంటే వేగం అని అనుకునేవారికి ఈ రోడ్డు మీద ఆ మోడ్‌తో పనే లేదని అనిపించాలి. నాకూ మొదట్లో అలాగే అనిపించి, కొండ మీద ఎప్పుడూ నార్మల్‌లోనే నడిపేవాణ్ణి.

ఎక్కేటప్పుడు నార్మల్ మోడ్ చేసే ఇబ్బంది ఎక్కడుందో చూడండి. పై మలుపుల దగ్గర ముందు వెళ్ళే బస్సు నిదానిస్తుంది, మనమూ 20 కిలోమీటర్లకు తగ్గుతాము. పెట్రోలు మిగల్చాలనే ఆలోచనతో గేరుబాక్సు మూడవ గేరును పట్టుకునే ఉంటుంది. ఇంజిన్ చుట్లు 1,200, 1,300కు పడిపోతాయి. ఇందాక చెప్పిన 1,500 ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి: అంతకు దిగువన, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో సరిగా ఊదదు, ఇంజిన్‌లో బలం ఉండదు. మలుపు దాటి యాక్సిలరేటర్ నొక్కుతాము, ఏమీ జరగదు. ఇంకొంచెం నొక్కుతాము. అప్పుడు గేరుబాక్సు తేరుకుని రెండవ గేరుకు దిగుతుంది, టర్బో అందుకుంటుంది, అప్పటికే మన కాలు లోపలికి వెళ్ళి ఉంటుంది కనుక కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఎదుట బస్సు వెనక భాగం ఉంటుంది కనుక వెంటనే బ్రేకు. ఈ తంతు ప్రతి మలుపులోనూ జరుగుతుంది. వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ ఒకసారి, "ఏం నాయనా, బండి ఇట్ల ఎగిరెగిరి పడతా ఉండాది? రవంత నిదానంగా పో" అని అన్నది. అప్పుడు మా వేగం 25 దాటలేదు.

ఆ మాట విన్న తరువాత ఒకసారి పై మలుపులు రాబోయే ముందు స్పోర్ట్‌లో పెట్టి చూశాను. మలుపులోకి దిగేముందు బ్రేకు తాకగానే గేరుబాక్సు తనంతట తానే రెండవ గేరుకు వచ్చింది, ఇంజిన్ 2,200 చుట్ల దగ్గర సిద్ధంగా నిలిచింది. మలుపు దాటి కాలిని బొటనవేలు బరువంత ఆనించగానే కారు కదిలింది. ఎంత అడిగానో అంతే కదిలింది, అడిగిన క్షణంలోనే కదిలింది. ఎదురుచూపు లేదు కనుక ఎక్కువ తొక్కే అవసరం రాలేదు, ఎక్కువ తొక్కలేదు కనుక దూకుడు లేదు. కారును దూకించడానికి పెట్టారనుకున్న మోడ్ కారును నిదానంగా నడపడానికి సాయపడింది. ఇది నేను ఊహించని సంగతి. అయితే దీనికి ఒక షరతు ఉంది: స్పోర్ట్‌లో పెడల్‌ను పాదంతో కాకుండా వేళ్ళతో నొక్కడం నేర్చుకోవాలి, మడమను నేలకు ఆనించే ఉంచాలి. అది చేతకాకపోతే ఇందాకటి సీసాలోని నీళ్ళలాగే వెనకనున్నవారి కడుపు ఊగుతుంది.

రెండవ ఘాట్‌లోని సాఫీ భాగంలో మాత్రం స్పోర్ట్ అనవసరం. నిటారు ఎక్కుడులో అది రెండవ గేరును వదలక, 3,500 చుట్ల దగ్గర ఇంజిన్ హోరుమంటూ ఉంటుంది. చెవులకు విసుగు, పెట్రోలుకు దండుగ.

దిగేటప్పటి సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, అలిపిరి దానికి దాదాపు 700 మీటర్లు దిగువన ఉంటుంది. మనుషులతో, సామానుతో కలిపి 1,600 కిలోలున్న కారు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తిని లెక్కగడితే, 30 లీటర్లకు పైగా నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత టైర్ల రాపిడికి పోగా, మిగిలినదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. బ్రేకు మీదనే కాలుంచి దిగితే ఆ వేడి మొత్తం బ్రేకు డిస్కులకూ ప్యాడ్లకూ ఎక్కుతుంది. అలిపిరికి దిగిన కార్ల దగ్గర కాలిన వాసన చాలామంది ఎరిగినదే. ఆ వాసన ప్యాడ్లది. అవి మరీ కాగితే పెడల్ ఎంత నొక్కినా బ్రేకు పట్టు తగ్గిపోతుంది. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవారున్నారు, అది పొరపాటు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే నేటి ఇంజిన్లు పెట్రోలును పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, పైగా కారును పట్టి ఉంచేది బ్రేకు తప్ప మరేదీ ఉండదు.

నార్మల్ మోడ్‌లో నా కారు దిగుడులో చేసేది న్యూట్రల్‌కు ఒక మెట్టు పైన మాత్రమే. కాలు తీయగానే నాలుగు, ఐదు గేర్లకు ఎక్కిపోతుంది. ఇంజిన్ నుంచి పట్టు నామమాత్రంగా ఉంటుంది, ప్రతి మలుపుకూ బ్రేకే దిక్కు. స్పోర్ట్‌లో పెట్టగానే అదే దిగుడులో రెండవ గేరు పట్టుకుని, కాలు తీసినా పై గేరుకు పోకుండా ఉంటుంది. 3,000 చుట్ల దగ్గర ఇంజిన్ గుర్రుమంటూ కారును వెనక్కి పట్టి లాగుతున్నట్టు వీపుకు తెలుస్తుంది. మలుపుకు ముందు బ్రేకును ఒక్కసారి గట్టిగా తాకి వదిలేస్తే చాలు. గట్టిగా ఒకసారి తాకి వదలడం, మెల్లగా నొక్కి పట్టుకుని ఉండడం కంటే మేలని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వదిలిన ఆ కాస్త సమయంలోనే డిస్కులకు గాలి తగిలి చల్లబడతాయి.

కొండపైన పార్కింగులో ఒక టాక్సీ డ్రైవరుతో ఈ విషయం మాట్లాడాను. ఇరవై ఏళ్ళుగా అదే రోడ్డు మీద బతుకుతున్న మనిషి, మామూలు గేర్ల డీజిల్ బండి. నేను స్పోర్ట్ మోడ్ గురించి చెబుతుంటే ఓపికగా విని, "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల సార్. మీకు బటన్ చేసే పనిని మాకు చెయ్యి చేస్తాది" అని చెప్పాడు. ఆటోమేటిక్ కార్లలో ఆ చెయ్యి పనిని స్టీరింగు వెనకనున్న ప్యాడిల్ మీటలతో మనమూ చేయవచ్చు. నిజానికి దిగడానికి అన్నింటికంటే మంచి పద్ధతి అదే: నార్మల్‌లో ఉంచి, స్టీరింగును తేలికగానే ఉండనిచ్చి, ఎడమ మీటతో రెండవ గేరుకు దింపుకోవడం. కాని చాలా కార్లలో డ్రైవ్‌లో ఉండగా మీట నొక్కితే కొంతసేపటికి కంప్యూటర్ మళ్ళీ తన ఇష్టానికి వెళ్ళిపోతుంది, 36 మలుపులూ గుర్తుపెట్టుకుని నొక్కుతూ ఉండాలి. గేరు మీటను పూర్తిగా మాన్యువల్ వైపుకు తోసుకుంటే ఆ బెడద ఉండదు. మీటలు లేని కార్లలోనూ, మీటల అలవాటు లేనివారికీ స్పోర్ట్ మోడ్ మంచి ప్రత్యామ్నాయం. ఇంట్లో నేను కాక మా తమ్ముడో మా ఆవిడో నడిపేటప్పుడు "జీఎన్‌సీ టోల్‌గేట్ దాటగానే స్పోర్ట్‌లో పెట్టు" అని ఒక్క మాట చెబితే సరిపోతుంది; కొండపైన దిగే దారి మొదలయ్యే చోటే ఆ టోల్‌గేట్.

దిగే దారిలో ఏడో మైలు నుంచి మోకాళ్ళ మెట్టు వరకు నడిచి వచ్చే భక్తులు రోడ్డు అంచునే ఉంటారు. అక్కడ ఇంజిన్ పట్టు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పసిపిల్లను భుజాన వేసుకున్న తండ్రి మలుపు అవతల ఉన్నట్టుండి కనిపిస్తే, అప్పటికే కారు తన అదుపులో తాను ఉండడం, చల్లగా ఉన్న బ్రేకు కాలి కింద సిద్ధంగా ఉండడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఎలక్ట్రిక్ కార్లున్నవారికి ఈ చర్చ కొంత భిన్నంగా ఉంటుంది. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల రోడ్డు మీద ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. దిగేటప్పుడు వాటి మోటారే జనరేటరుగా మారి బస్సును పట్టి ఉంచుతూ బ్యాటరీకి విద్యుత్తును తిరిగి ఇస్తుంది. కార్లలోనూ అంతే. టాటా నెక్సాన్ ఈవీ వంటి వాటిలో ఆ పట్టును ఎంత ఉంచుకోవాలో మీటలతో విడిగా ఎంచుకోవచ్చు కనుక, దిగడానికి వాటిలో స్పోర్ట్ మోడ్‌తో పని లేదు. అక్కడ స్పోర్ట్ అంటే పికప్ మాత్రమే.

వానలో స్పోర్ట్ మోడ్ వద్దే వద్దు. మనకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలవి, కార్తీక మార్గశిరాల్లో రోజుల తరబడి పడతాయి. 2021 డిసెంబరులో రెండవ ఘాట్ మీద పెద్ద బండరాళ్ళు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది అలాంటి వానల వల్లనే. ఒక నవంబరు సాయంత్రం తడిసిన ఎక్కుడులో స్పోర్ట్‌లోనే ఉన్నానని మరిచి మలుపు దాటి ఎప్పటిలాగే కాలు ఆనించాను. ముందు చక్రం ఒకటి రెండు క్షణాలు ఊరికే గిరగిరా తిరిగింది, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణికింది, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ గొంతు నొక్కి కారును దారిలో పెట్టింది. ప్రమాదమేమీ జరగలేదు. కాని ఆ క్షణంలో స్టీరింగు నా చేతిలో బోలుగా అయిపోయిన తీరు ఇప్పటికీ గుర్తుంది. తడి రోడ్డు మీద మొద్దుబారిన పెడలే మనకు స్నేహితుడు. దిగుడులో ఇంజిన్ పట్టు కావాలంటే వానలోనైతే నార్మల్‌లో ఉంచి మాన్యువల్‌గా గేరు తగ్గించుకోవాలి, అది కూడా ఒక్కొక్క గేరే.

తిరుపతి నుంచి చిత్తూరు హైవే మీద ఈ మోడ్ గురించి చెప్పవలసింది తక్కువ. జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి మామిడికాయలు తీసుకుపోయే ట్రాక్టర్లు, ఏడాది పొడవునా గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు దారిలో ఉంటాయి, వాటిని దాటడమే ఆ ప్రయాణం. దాటే ముందు స్పోర్ట్‌లో పెడితే గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కనుక అర క్షణం కలిసివస్తుంది. నార్మల్‌లోనే ఉండి పెడల్‌ను గట్టిగా తొక్కినా అదే బలం వస్తుంది, కొంత ఆలస్యంగా. నాలుగు వరుసల రోడ్డు మీద ఆ అర క్షణానికి పెద్ద విలువ లేదు. పల్లెల్లోకి వెళ్ళే ఒంటి రోడ్డు మీద ఉంది. మొగిలి ఘాట్‌లో చిత్తూరు వైపు దిగేటప్పుడు నేను స్పోర్ట్ వాడేది మాత్రం నా వేగం కోసం కాదు. బరువు లారీలు వెనకనుంచి వచ్చే దిగుడు అది, వాటి బ్రేకులు విఫలమై జరిగిన ప్రమాదాలు అక్కడ కొత్త కాదు. ఎడమ వరుసలో నా వేగాన్ని ఇంజిన్‌తో పట్టి ఉంచుకుంటూనే, అవసరమైతే వెంటనే ముందుకు తప్పుకోగల స్థితిలో ఉండడం కోసం వాడతాను.

ఊళ్ళో వాడకూడదు. లీలామహల్ సర్కిల్ దగ్గర గాని, గాంధీరోడ్డులో గాని స్పోర్ట్‌లో నడిపితే కారు ఊరికే ఉలిక్కిపడుతూ ఉంటుంది. ఘాట్‌లో వాహనాలు ఆగి ఆగి కదిలే పండుగ రోజుల్లోనూ అంతే. బ్రహ్మోత్సవాల రద్దీలో ఎక్కుడు మీద అంగుళం అంగుళం కదిలితే డ్యూయల్ క్లచ్ రాపిడితో కాగిపోతుంది. ఏ మోడ్‌లో ఉన్నా ముందున్న బండికి రెండు కార్ల దూరం ఇచ్చి, ఒక్కసారిగా కదిలి మళ్ళీ బ్రేకు నొక్కి ఆగడం దానికి మంచిది. యాక్సిలరేటర్‌తో కారును ఎక్కుడు మీద నిలబెట్టే అలవాటు ఉంటే వెంటనే మానుకోవాలి.

మైలేజీ లెక్క నేను ట్యాంకు నింపి ట్యాంకు నింపి చూసుకున్నది: చిత్తూరు రాకపోకల్లో నార్మల్‌లో లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే చోట స్పోర్ట్‌లో 12 వచ్చింది. కొండ దిగేటప్పుడు మాత్రం తేడా ఏమీ కనిపించలేదు, కారణం పైన చెప్పాను. బ్రేకు ప్యాడ్లను 20 వేల కిలోమీటర్ల సర్వీసులో విప్పి చూసిన మెకానిక్ ఇంకా సగానికి పైగా ఉన్నాయని చెప్పాడు. నెలనెలా ఘాట్ దిగే కారుకు అది నాకు సంతోషం కలిగించిన మాట.

కొనబోయేవారికి నా సలహా ఒకటే. తిరుపతిలో షోరూములు టెస్ట్ డ్రైవ్‌కు తీసుకుపోయేది సాధారణంగా రేణిగుంట రోడ్డు వంటి చదును దారుల మీదకే, అక్కడ స్పోర్ట్‌లో పెట్టి కాలు తొక్కితే కారు ఎగిరిపోతుంది, మనసు పడిపోతుంది. దానితో తృప్తిపడకండి. భాకరాపేట వైపు తీసుకుపొమ్మని పట్టుబట్టండి, వెనక సీట్లో ఇంట్లోని పెద్దవారిని ఒకరిని కూర్చోబెట్టండి. దిగుడులో నార్మల్‌లో ఉంచి కాలు తీసి, కారు ఏ గేరులో ఉందో డ్యాష్‌బోర్డు మీద చూడండి. ఆ తరువాత స్పోర్ట్‌లో పెట్టి అదే దిగుడులో మళ్ళీ చూడండి. రెండింటిలోనూ అది పై గేరుకే పోతుంటే ఆ స్పోర్ట్ మోడ్‌కు అదనంగా డబ్బు పెట్టవద్దు. గేరును పట్టుకుని ఇంజిన్‌తో కారును ఆపుతూ దిగితే, ఆ బటన్ మీకు తిరుమల రోడ్డు మీద ప్రతిసారీ పనికివస్తుంది.